అర్జంట్ కేర్‌కా, ఎమర్జెన్సీకా, మన డాక్టర్ దగ్గరికా? ఎలా తేల్చుకోవాలి

అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వెళ్లి చూపించుకునే అర్జంట్ కేర్ క్లినిక్కులు వచ్చాక జనానికి ఒక సుఖం, ఒక తికమక రెండూ వచ్చాయి. సుఖం సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి ఎనిమిదింటికి పిల్లవాడికి చెవిపోటు మొదలైతే తెల్లారేదాకా వాణ్ణి ఏడిపించక్కర్లేదు. తికమక ఎక్కడంటే, ఇదివరకు మన డాక్టరు, లేదంటే పెద్దాసుపత్రి అని రెండే దారులు ఉండేవి. ఇప్పుడు మందుల షాపులో ఫార్మసిస్ట్, వీడియో కాల్‌లో డాక్టర్, ఫ్యామిలీ డాక్టర్, అర్జంట్ కేర్, ఎమర్జెన్సీ అని ఐదయ్యాయి. ఒంట్లో బాగాలేనప్పుడు ఇన్నింటిలో ఏదో ఒకటి ఎంచుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? అందుకే చాలామంది భయాన్ని బట్టి నిర్ణయించేస్తారు. భయం ఎక్కువైతే ఎమర్జెన్సీ, తక్కువైతే "చూద్దాంలే".

భయాన్ని నమ్ముకుంటే తరచూ తప్పుతాం. వేలు తెగి రక్తం కారుతుంటే చూసినవాళ్లకు కళ్లు తిరుగుతాయి, కానీ అది చాలాసార్లు నాలుగు కుట్లతో పోయే గాయం. అదే మూతి ఒక పక్కకి లాగి, మాట తడబడి, పది నిమిషాల్లో సర్దుకుంటే "నీరసం అయ్యుంటుంది" అని పడుకుంటారు. అది మినీ స్ట్రోక్, అంటే మెదడుకు రక్తం కాసేపు ఆగి మళ్లీ అందడం, కావచ్చు. తర్వాత వచ్చే ఒకటి రెండు రోజుల్లో అసలు స్ట్రోక్ వచ్చే ముప్పు బాగా ఎక్కువ. తగ్గిపోయినా సరే వెంటనే వెళ్లాల్సిన సందర్భం అది.

కాబట్టి భయం బదులు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఆలస్యమయ్యేకొద్దీ తిరిగిరానిది ఏదైనా పోతోందా? దీన్ని తేల్చడానికో బాగుచేయడానికో ఏ సామాను కావాలి? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఎక్కడికి వెళ్లాలో దాదాపు తేలిపోతుంది.

అర్జంట్ కేర్‌లో ఏముంటుంది, ఏముండదు

పేరులో అర్జంట్ ఉంది కదా అని అదొక చిన్న సైజు ఎమర్జెన్సీ అనుకోకూడదు. సాయంత్రాలు, సెలవు రోజులు కూడా తెరిచి ఉండే క్లినిక్, దానికి తోడు ఒక ఎక్స్‌రే గది, చిన్న ల్యాబ్, కుట్లు వేసే సరంజామా, అంతే. గొంతులోంచి స్వాబ్ తీసి స్ట్రెప్ బ్యాక్టీరియా ఉందో లేదో పది నిమిషాల్లో చెప్పగలరు. మూత్ర పరీక్ష, షుగర్, ఫ్లూ పరీక్షలు చేస్తారు. తెగితే కుట్లు, బెణికితే కట్టు, ఉబ్బసం కాస్త పెరిగితే నెబ్యులైజర్, చీముగడ్డ కోయడం, కంట్లో నలుసు తీయడం లాంటివి అక్కడ రోజూ జరిగే పనులే. కొన్నిచోట్ల ఈసీజీ, సెలైన్ కూడా ఉంటాయి.

లేనివి చూడండి. సీటీ స్కాన్ దాదాపు ఎక్కడా ఉండదు. ఆపరేషన్ థియేటర్ ఉండదు, రక్తం ఎక్కించే ఏర్పాటు ఉండదు, రాత్రికి ఉంచుకునే మంచం ఉండదు, పిలిస్తే వచ్చే స్పెషలిస్టు ఉండరు. బాగా కడుపునొప్పితో వెళ్లినవాళ్లను పొట్ట నొక్కి చూసి "ఎమర్జెన్సీకి వెళ్లండి" అని పంపేయడం అందుకే. వాళ్లు చేతులు దులుపుకున్నట్టు అనిపిస్తుంది గానీ, అపెండిక్స్ అవునో కాదో తేల్చే యంత్రం అక్కడ లేదు. మనకు మాత్రం రెండు చోట్ల ఎదురుచూపు, రెండు బిల్లులు.

బయల్దేరే ముందు ఒక్క ఫోన్ చేస్తే చాలా శ్రమ తప్పుతుంది. "ఎక్స్‌రే ఉందా?" అని అడిగితే ఉందనే చెబుతారు. "ఇప్పుడు ఎక్స్‌రే తీసే మనిషి ఉన్నారా?" అని అడగాలి. యంత్రం ఉండి టెక్నీషియన్ ఇంటికెళ్లిపోయిన సాయంత్రాలు మామూలే. ఇంకో రెండు ప్రశ్నలు: ఎన్ని నెలల వయసు దాటిన పిల్లల్ని చూస్తారు, కొత్త పేషెంట్లను ఎన్నింటిదాకా తీసుకుంటారు. బోర్డు మీద తొమ్మిది అని ఉన్నా ఎనిమిదింబావుకే పేర్లు రాసుకోవడం ఆపేసే చోట్లు ఉంటాయి. మందుల షాపుల్లో ఒక మూల ఉండే చిన్న వాక్-ఇన్ క్లినిక్కులు వేరు. వాటిలో ఎక్స్‌రే, కుట్లు సాధారణంగా ఉండవు. టీకాలకు, గొంతు పరీక్షకు, చిన్న దద్దుర్లకు బాగుంటాయి.

ఎమర్జెన్సీలో వరస కూడా వేరుగా నడుస్తుంది. అక్కడ ముందొచ్చినవాళ్లు ముందు అన్న లెక్క లేదు. రాగానే ఒక నర్సు బీపీ, నాడి, ఆక్సిజన్ చూసి ఎవరి ప్రాణం మీదకొచ్చిందో వాళ్లని ముందు లోపలికి పంపుతుంది. దీన్నే ట్రయాజ్ అంటారు. బెణికిన కాలితో వెళ్లినవాళ్లు మూడు గంటలు కూర్చుంటే, తమ తర్వాత వచ్చిన పది మంది లోపలికి వెళ్లడం చూస్తారు. కోపం వస్తుంది. కానీ మనల్ని కూర్చోబెట్టారంటే మన పరిస్థితి అంత ఘోరంగా లేదనే అర్థం. ఆ మూడు గంటల పనే అర్జంట్ కేర్‌లో చాలాసార్లు గంటలో, అంతకంటే తక్కువ ఖర్చుతో అయిపోతుంది. బెణుకుకు ఎమర్జెన్సీ వద్దనడానికి అంతకన్నా పెద్ద కారణమేమీ అక్కర్లేదు.

నిమిషాలు లెక్కపెట్టాల్సినవి

ఈ రకం వస్తే అర్జంట్ కేర్ మాటే ఎత్తకండి, అది పక్క వీధిలో ఉన్నా సరే. అక్కడికి వెళ్తే వాళ్లు చేసేది అంబులెన్స్‌ను పిలవడమే. ఆ పని ఇంటి నుంచే చేయొచ్చు.

స్ట్రోక్: మూతి వంకర పోవడం, ఒక చెయ్యి లేవకపోవడం, మాట ముద్దగా రావడం. మెదడుకు రక్తం అందని పెద్ద స్ట్రోక్‌లో నిమిషానికి దాదాపు 19 లక్షల న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, చచ్చిపోతాయని ఒక అంచనా. రక్తనాళానికి అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపు ఇవ్వాలి. ఇక్కడ అందరూ తడబడే విషయం ఒకటుంది. ఆ లెక్క మనం చూసిన టైం నుంచి మొదలవదు, ఆ మనిషి చివరిసారి బాగున్న టైం నుంచి మొదలవుతుంది. పొద్దున ఆరింటికి నిద్రలేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే, రాత్రి పదింటికి మాట్లాడుతూ పడుకున్నారన్నదే లెక్క. డాక్టర్లు మొదట అడిగేది అదే, కాబట్టి ఆ టైం గుర్తుపెట్టుకోండి. కొందరికి 24 గంటల దాకా కూడా రక్తనాళంలోకి గొట్టం పంపి గడ్డను లాగేయగలరు. కాబట్టి టైం దాటిపోయిందని ఇంట్లో కూర్చోవద్దు.

గుండె: ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి చెయ్యికో దవడకో వీపుకో పాకే నొప్పి, చెమటలు. ఇది అందరికీ తెలిసిన రూపం. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, పెద్దవయసువాళ్లలో అంత నొప్పి లేకుండా ఆయాసం, వికారం, పొట్ట పైభాగంలో మంట, చెప్పలేని నిస్సత్తువగా కూడా వస్తుంది. గ్యాస్ మాత్ర వేసుకుని చూద్దామనుకుంటే విలువైన టైం పోయేది ఇక్కడే. ఇలాంటప్పుడు సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకూడదు.

మిగతావి: పెదాలు, నాలుక వాచి ఊపిరి ఆడకపోవడం. తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పడం, మళ్లీ మళ్లీ వాంతులవడం. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు తలకు దెబ్బ తగిలితే, పైకి ఏమీ కనబడకపోయినా వెళ్లాల్సిందే. జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం. ఉన్నట్టుండి చూపు పోవడం. గర్భిణికి రక్తస్రావం. మూడు నెలల్లోపు పసికందుకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకంటే ఎక్కువ జ్వరం. పాలు తాగుతున్నా, నవ్వుతున్నా ఆగకూడదు. ఆ వయసులో తీవ్రమైన ఇన్ఫెక్షన్ కూడా జ్వరం తప్ప వేరే గుర్తు చూపించకపోవచ్చు.

పెద్దగా ఎవరూ చెప్పనివి రెండున్నాయి. పిల్లలు గుండ్రటి బటన్ బ్యాటరీ మింగితే అది ఆహారనాళంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. నాణెం మింగాడో బ్యాటరీ మింగాడో తెలియకపోతే బ్యాటరీ అనుకునే పరుగెత్తాలి. రెండోది, మగపిల్లలకు ఉన్నట్టుండి వృషణంలో వచ్చే తీవ్రమైన నొప్పి. లోపల దానికి రక్తం అందించే నాళాలు మెలి తిరిగితే దాన్ని కాపాడటానికి సుమారు ఆరు గంటలే ఉంటాయి. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు సిగ్గుపడి "పొత్తికడుపు నొప్పి" అని చెప్పి ఊరుకుంటారు. ఆ వయసు పిల్లవాడు వంగిపోయి వాంతి చేసుకుంటుంటే అమ్మానాన్నలే అడగాలి.

కంట్లో యాసిడో, క్లీనింగ్ ద్రవమో పడితే మాత్రం బయల్దేరడం కంటే కడగడం ముందు. కుళాయి కింద కనీసం పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నీళ్లు పారనిచ్చి, అప్పుడు ఎమర్జెన్సీకి.

అర్జంట్ కేర్‌కి అచ్చంగా సరిపోయేవి

మడత పడిన చీలమండ దగ్గర మొదలుపెడదాం. వాపు చూసి విరిగిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఒట్టి బెణుకే విరిగినదాని కంటే పెద్దగా వాయగలదు. కెనడాలోని ఒటావాలో డాక్టర్లు 1992లో దీనికి ఒక పద్ధతి తయారుచేశారు, ఇప్పటికీ అదే వాడతారు. క్లినిక్‌లో డాక్టర్ ఏం చేస్తారో గమనించండి. చీలమండకు అటూ ఇటూ ఉబ్బెత్తుగా ఉండే రెండు ఎముకల్ని వెనక అంచు వెంబడి, కింది చివర నుంచి పైకి ఆరు సెంటీమీటర్ల దాకా బొటనవేలితో నొక్కుకుంటూ వస్తారు. తర్వాత పాదం బయటి అంచులో చిటికెనవేలి ఎముక మొదలయ్యే చోట, లోపలి వైపు పాదం వంపు పైన ఉండే ఎముక మీద నొక్కుతారు. ఆ తర్వాత లేచి నాలుగు అడుగులు వేయమంటారు, కుంటుతూ వేసినా పర్వాలేదు. దెబ్బ తగిలిన వెంటనే గానీ, క్లినిక్‌లో గానీ నాలుగు అడుగులు వేయగలిగి, ఎముక మీద నొక్కితే నొప్పి లేకపోతే ఎక్స్‌రే దాదాపుగా అక్కర్లేదు. ఎక్స్‌రే తీయలేదని గొడవపడేవాళ్లను చూస్తుంటాం. ఆ డాక్టర్ సరిగ్గా చూసినట్టే. ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చినా, పాదం చల్లబడి మొద్దుబారినా అది అర్జంట్ కేర్ పని కాదు.

తెగిన గాయానికి ముందు చేయాల్సింది శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టడం. నిమిషానికోసారి ఎత్తి చూస్తే గడ్డకట్టేది కాస్తా చెదిరిపోతుంది. రక్తం ఆగాక అంచులు నోరు తెరుచుకుని ఉంటే కుట్లు కావాలి, అదీ వీలైతే ఆ పూటే. మర్నాటి దాకా ఆగితే చాలా గాయాలకు కుట్లు వేయరు, లోపల క్రిములు మూసుకుపోతాయని. చేతి గాయమైతే ఇంటి దగ్గరే ఒకసారి పరీక్షించుకోండి: వేలు పూర్తిగా ముడుచుకుంటోందా, పూర్తిగా చాచగలుగుతున్నారా, వేలి కొసకు స్పర్శ తెలుస్తోందా? వీటిలో ఒక్కటి కాదనిపించినా లోపల స్నాయువో నరమో తెగి ఉండొచ్చు. చేతి సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ఎంత అదిమినా రక్తం ఆగకపోయినా అంతే.

ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి కూడా. గీసుకుపోయిన ప్రతిసారీ వేయించుకోవాలన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. చిన్నప్పటి టీకాలు పూర్తిగా వేయించుకున్నవాళ్లకు శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు నుంచి 10 ఏళ్లు దాటితేనే, మట్టి, తుప్పు పట్టిన లోతైన గాయమైతే 5 ఏళ్లు దాటితే కావాలి. చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో ఫోన్‌లో రాసి పెట్టుకుంటే సరి.

కుక్క కాటుకు మాత్రం క్లినిక్ కంటే ముందు సబ్బు, నీళ్లు. పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ తర్వాత ఫోన్‌లో "రేబిస్ టీకా ఉందా, ఇమ్యూనోగ్లోబులిన్ ఉందా?" అని రెండూ విడివిడిగా అడగండి. రెండోది, టీకా పనిచేయడం మొదలయ్యేదాకా కాపాడే యాంటీబాడీల ఇంజెక్షన్. టీకా ఉండి అది లేని చోట్లు చాలా ఉంటాయి. చర్మం చీలిన కాటుకు రెండూ కావాలి. లక్షణాలు మొదలయ్యాక రేబిస్‌కు మందు లేదు కాబట్టి ఇక్కడ బేరాలు పనికిరావు.

కాలితే చల్లటి నీటి ధార కింద 20 నిమిషాలు. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు. వాపు రాకముందే ఉంగరాలు తీసేయండి. చిన్న బొబ్బలైతే అర్జంట్ కేర్ చాలు. ముఖం, చేతులు, పాదాలు, కీళ్లు, మర్మాంగాలు కాలినా, అరచేతి కంటే పెద్ద మేర బొబ్బలెక్కినా, తెల్లగా అయిపోయి నొప్పే తెలియకపోయినా ఆసుపత్రి.

చెవిపోటు, మూత్రంలో మంట, కళ్లకలక, ఒళ్లంతా పాకని దద్దుర్లు, ఇన్‌హేలర్‌కు సరిగ్గా లొంగని పిల్లికూతలు, వీటికి అర్జంట్ కేర్ బాగా పనికొస్తుంది. మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్లి ఉండొచ్చు, ఆలస్యం చేయకూడదు. మాట పూర్తిచేయలేనంత ఆయాసం ఉంటే క్లినిక్ వైపు చూడకుండా అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

వెళ్లకపోవడమే మంచిది అన్నవి

జలుబు, దగ్గు, గొంతు గరగర. జలుబు వారం, పది రోజులు ఉంటుంది, దాని వెంట వచ్చే దగ్గు మూడు వారాల దాకా లాగుతుంది. కఫం ఆకుపచ్చగా మారినంత మాత్రాన బ్యాక్టీరియా వచ్చినట్టు కాదు. గొంతునొప్పితో వచ్చే పెద్దవాళ్లలో 100కి 5 నుంచి 15 మందికి, పిల్లల్లో 20 నుంచి 30 మందికి మాత్రమే స్ట్రెప్ ఉంటుంది. మిగతావి చాలావరకు వైరస్‌లు, యాంటీబయాటిక్‌కు లొంగవు.

అర్జంట్ కేర్‌ల మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇక్కడే. అమెరికాలో 2014 నాటి బీమా క్లెయిముల మీద చేసిన ఒక పరిశోధన 2018లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. యాంటీబయాటిక్ అక్కర్లేని శ్వాసకోశ సమస్యలకు కూడా అది రాసిచ్చిన శాతం అర్జంట్ కేర్‌లలో దాదాపు 46. ఎమర్జెన్సీల్లో 25, మామూలు డాక్టర్ల దగ్గర 17, షాపుల్లోని చిన్న క్లినిక్కుల్లో 14. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. మళ్లీ కనబడని పేషెంట్, బయట నిండిపోయిన కుర్చీలు, ఉత్త చేతులతో పంపితే వచ్చే చెడ్డ రివ్యూ. మనం కూడా "ఏదో ఒకటి రాయండి డాక్టర్" అనే వస్తాం కదా. కాబట్టి వెళ్తే, "దీనికి యాంటీబయాటిక్ నిజంగా కావాలా, రెండు రోజులు ఆగి చూడొచ్చా?" అని మనమే అడగాలి. చాలామంది డాక్టర్లు ఆ ప్రశ్నకు ఊపిరి పీల్చుకుంటారు.

బీపీ, షుగర్, థైరాయిడ్, నెలల తరబడి వచ్చే తలనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇవన్నీ మన చరిత్ర తెలిసిన ఫ్యామిలీ డాక్టర్ చూడాల్సినవి. ఒకే సమస్యతో మూడోసారి అర్జంట్ కేర్‌కి బయల్దేరుతుంటే అక్కడే ఆగి డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ప్రతిసారీ కొత్త మనిషి చూస్తుంటే ఆ మూడింటినీ కలిపి చూసేవాళ్లే ఉండరు.

వీడియో కన్సల్టేషన్ కంటికి కనబడేవాటికి, మాటల్లో చెప్పగలిగేవాటికి బాగుంటుంది: దద్దుర్లు, అలర్జీ, అయిపోయిన మందులు. చెవిలోకి చూడాల్సింది, పొట్ట నొక్కి చూడాల్సింది ఫోన్‌లో తేలదు. అయితే ఎక్కడికి వెళ్లాలో తెలియనప్పుడు అడగడానికి మాత్రం ఇది చవకైన దారి.

తేలని సందర్భాలు

కడుపునొప్పి అన్నింటికంటే కష్టం. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగి, నడిస్తే, దగ్గితే పెరుగుతుంటే నేరుగా ఎమర్జెన్సీ. 65 దాటినవాళ్లకు కొత్తగా గట్టి కడుపునొప్పి వచ్చినా అంతే. ఆ వయసులో లోపల పెద్ద సమస్య ఉన్నా పొట్ట మెత్తగానే ఉండొచ్చు, జ్వరమూ రాకపోవచ్చు. విరేచనాలతో పాటు వచ్చే మెలిపెట్టే నొప్పికి మాత్రం ఓఆర్‌ఎస్, విశ్రాంతి చాలాసార్లు సరిపోతాయి. పిల్లలు ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మగతగా పడి ఉన్నా ఆగకండి.

వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మీటర్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకునేవాళ్లకు ఒక మాట. చర్మం రంగు ముదురుగా ఉన్నవాళ్లలో అది లెక్క తప్పవచ్చని, అసలున్నదాని కంటే ఎక్కువ చూపించే అవకాశం ఉందని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. మీటర్ 95 చూపిస్తున్నా మనిషి పెదాలు నీలంగా ఉంటే, పక్కటెముకలు ఎగరేసి ఊపిరి తీస్తుంటే మనిషినే నమ్మండి.

వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు

వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ వరసగా పెట్టి ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. "తెల్ల మాత్ర, చిన్నది" అంటే డాక్టర్‌కు ఏమీ తెలియదు. పడని మందులు, రక్తం పలచబడే మందు ఉంటే దాని పేరు, గర్భం ఉందేమో అన్న సందేహం, ఇవి అడగకముందే చెప్పండి. మిమ్మల్ని చూస్తున్న డాక్టర్‌కు మీ ఫైలు లేదు, మీరు చెప్పిందే ఫైలు.

లేచేముందు మూడు అడగండి: ఎన్ని రోజుల్లో తగ్గడం మొదలవ్వాలి, ఏం కనిపిస్తే ఎమర్జెన్సీకి వెళ్లాలి, పెండింగ్‌లో ఉన్న రిపోర్టు ఎవరు చెబుతారు. ఎక్స్‌రేను అక్కడికక్కడ చూసేది క్లినిక్ డాక్టర్. చాలాచోట్ల రేడియాలజిస్ట్ కొన్ని గంటల తర్వాతో, మర్నాడో మళ్లీ చూస్తారు. మొదట కనబడని సన్నటి పగులు అప్పుడు దొరుకుతుంది. మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పట్టి, ఇచ్చిన మందు ఆ క్రిమికి పనిచేయదని తేలడమూ ఉంది. ఫారంలో ఫోన్ నంబర్ హడావిడిగా గీకేయకుండా సరిగ్గా రాయండి, ఆ రెండు మూడు రోజులూ తెలియని నంబర్ నుంచి కాల్ వస్తే ఏదో లోన్ ఇస్తామనేవాళ్లేమో అని కట్ చేయకుండా ఎత్తండి.